ఫస్టియర్ పోయింది, మెడిసిన్ పోలేదు

(ఆరో అధ్యాయం)

ఇంటర్ ఫస్టియర్ మెమో చేతికొచ్చిన రోజునే బైపీసీ పిల్లల్లో చాలామంది ఒక నిర్ణయం తీసేసుకుంటారు. ఫిజిక్స్‌లో 60కి 23, కెమిస్ట్రీలో 26, బోటనీలో 31, జువాలజీలో 25. ఫెయిల్ కాలేదు. కానీ పక్క బెంచీవాళ్లకు యాభైలు దాటాయి. "మెడిసిన్ మనవల్ల కాదులే" అన్న మాట అప్పుడే పడిపోతుంది. చర్లలోనో, దుమ్ముగూడెంలోనో, గుండాలలోనో ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్ల ఆ మాట అంటే, కాదని చెప్పే మనిషి కూడా దగ్గర్లో దొరకడు.

ఈ అధ్యాయం రాస్తున్నది ఆ మాటను కాదనడానికే. ఉత్త ధైర్యం చెప్పి పంపించను. లెక్కలు చూపిస్తాను, నిబంధనలు చూపిస్తాను, చేయాల్సిన పని వరుసగా చెబుతాను. వీటన్నిటి వెనకా ఉన్న సంగతి ఒక్కటే: మళ్లీ పుస్తకం తెరిచేముందు, మొదటి ఏడాది మార్కులు ఎక్కడ పోయాయో, ఎందుకు పోయాయో కాగితం మీద పెట్టాలి. మన భద్రాచలం ఏజెన్సీలో జ్వరం వచ్చిన మనిషికి రక్తం పరీక్ష చేయకుండా మలేరియా మందు ఇవ్వరు. చదువు దెబ్బతిన్నప్పుడు మాత్రం కారణం చూడకుండానే "ఇంకా కష్టపడు" అనే మాత్ర ఇచ్చేస్తాం. కారణం తెలియకుండా ఇంకో ఏడాది చదివితే మళ్లీ అవే మార్కులు వస్తాయి.

ముందు నిబంధన తెలుసుకోండి

ఎంబీబీఎస్ సీటు నీట్ ర్యాంకుతో వస్తుంది. ఆ ర్యాంకులో ఇంటర్ మార్కులు కలవవు. ఎంసెట్ రోజుల్లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది కాబట్టి మీ అన్నల, అక్కల తరం ఫస్టియర్ మార్కులకు అంతగా భయపడింది. నిబంధన మారిపోయినా ఆ భయం ఇళ్లలో అలాగే ఉండిపోయింది. అమెరికాలో డిగ్రీ అయ్యాక మెడికల్ స్కూలుకు దరఖాస్తు చేసే మన తెలుగు పిల్లలకు కాలేజీ మొదటి ఏడాది గ్రేడ్లు కూడా చివరిదాకా సగటులో వెంట వస్తాయి. ఆ బరువు మీ మీద లేదు.

ఇంటర్ నుంచి నీట్ అడిగేది అర్హత ఒక్కటే. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ పాసై, మూడింటిలో కలిపి జనరల్ విద్యార్థికి 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు 40 శాతం ఉండాలి. దీన్ని మన మెమో మీద పెట్టి చూద్దాం. బైపీసీలో ఒక్కో సైన్సు సబ్జెక్టుకు ఫస్టియర్‌లో 60, సెకండియర్‌లో 60, ప్రాక్టికల్స్‌కు 30, మొత్తం 150 మార్కులు. బోటనీ, జువాలజీ కలిపితే బయాలజీ. నాలుగింటికీ 600. అందులో 40 శాతం అంటే 240, 50 శాతం అంటే 300.

పైన చెప్పిన మెమోలో నాలుగు సైన్సులకూ కలిపి వచ్చినవి 105. ఎస్టీ విద్యార్థికి ఇంకా కావాల్సింది 135, జనరల్ విద్యార్థికి 195. సెకండియర్‌లో ప్రాక్టికల్స్‌తో కలిపి 360 మార్కులు మీ ముందున్నాయి. అందుకోలేని దూరమా ఇది? అది కూడా చాలదేమో అనిపిస్తే ఫస్టియర్ పేపర్లు మళ్లీ రాసి మార్కులు పెంచుకునే ఇంప్రూవ్‌మెంట్ అవకాశం సప్లిమెంటరీ పరీక్షల్లో ఉంది. ఏదైనా సబ్జెక్టు తప్పితే దాన్ని కూడా అప్పుడే గట్టెక్కించాలి.

వయసు సంగతి. పరీక్ష రాసే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 నిండితే చాలు. గరిష్ఠ వయోపరిమితిని 2022లో పూర్తిగా ఎత్తేశారు. ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి కూడా లేదు. ఒడిశాలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన జయకిశోర్ ప్రధాన్ 64 ఏళ్ల వయసులో 2020 నీట్‌లో అర్హత సాధించి, బుర్లాలోని ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరారు. భద్రాచలంలో డిగ్రీ చదువుతూ "ఇంటర్‌లోనే అయిపోయింది" అనుకుంటున్నవాళ్లు కూడా ఇంటర్ బైపీసీ అర్హతతో ఈ పరీక్ష రాయొచ్చు. ఎంపీసీ చదివినవాళ్లు బయాలజీని అదనపు సబ్జెక్టుగా పూర్తిచేసి రాయడానికి జాతీయ వైద్య కమిషన్ 2023లో దారి ఇచ్చింది.

ఎక్కడ దెబ్బతిన్నాం?

మన ప్రాంతపు పిల్లల్లో ఫస్టియర్ తడబాటుకు తరచుగా కనిపించే కారణాలు నాలుగు. మీది ఏదో గుర్తుపట్టండి. రెండు మూడు కలిసి కూడా ఉండొచ్చు.

మొదటిది భాష. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు, ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లిష్ మీడియం. పదో తరగతిలో "కిరణజన్య సంయోగక్రియ" బాగా వివరించిన పిల్ల, ఇంటర్‌లో "ఫొటోసింథసిస్" అన్న మాట దగ్గర ఆగిపోయింది. ఆమెకు పాఠం తెలుసు. పాఠం పేరు మారింది. మొదటి మూడు నెలలు అర్థంకాని క్లాసులో కూర్చున్నాక తాను మొద్దునని నమ్మేసింది.

రెండోది ఇంటి పనుల కాలం. జనవరి నుంచి మార్చి దాకా మిర్చి ఏరడం, మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, ఆ వెంటనే తునికాకు. ఇంటికి నాలుగు డబ్బులు వచ్చే కాలం, ఇంటర్ పరీక్షలు, నీట్ అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. జులై, ఆగస్టులో గోదావరి పొంగుతుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నీళ్లు 71 అడుగులు దాటాయి. వాగులు పొంగి దారులు తెగితే, కాలేజీ మొదలైన రెండో నెలలోనే క్లాసులు పోతాయి. కెమిస్ట్రీలో మోల్ లెక్కల్లాంటి పాఠాలు అప్పుడు తప్పిపోవచ్చు. పునాది పాఠం వరదలో పోయిన పిల్లవాడికి ఏడాదంతా కెమిస్ట్రీ అర్థం కాదు.

మూడోది ఆరోగ్యం. ఎప్పుడూ నీరసంగా ఉండి, సాయంత్రం స్టడీ అవర్‌లో నిద్ర ముంచుకొస్తే దాన్ని బద్ధకమని తిట్టుకోకండి. రక్తహీనత కావచ్చు. పీహెచ్‌సీకి వెళ్లి హిమోగ్లోబిన్ చూపించుకోండి. గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ వ్యాధి ఎక్కువగా ఉండటం వల్ల దాన్ని నిర్మూలించడానికి కేంద్రం 2023 జులైలో జాతీయ మిషన్ మొదలుపెట్టింది. ఆ పరీక్ష కూడా అడిగి చేయించుకోండి. డాక్టర్ కావాలనుకునే మనిషి మొదట చూడాల్సిన శరీరం తనదే.

నాలుగోది చదివే పద్ధతి. బోర్డు పరీక్షకు పెద్ద ప్రశ్నలు బట్టీపట్టి రాస్తే మార్కులు పడతాయి. నీట్‌లో నాలుగు ఆప్షన్లు ఎదురుగా ఉంటాయి, మూడు తప్పులు కూడా నిజంలాగే కనిపిస్తాయి. దానికితోడు పదో తరగతి తర్వాత బైపీసీలో లెక్కల పుస్తకం ముట్టుకోం. ఫిజిక్స్‌లో తప్పులు వచ్చేది ఎక్కువగా ఫిజిక్స్ రాక కాదు. నిష్పత్తులు, భిన్నాలు, ఘాతాంకాలు, సైన్ కాస్ విలువలు మరిచిపోవడం వల్ల.

ఈ నాలుగింటికీ మందులు వేరువేరు. భాషతో దెబ్బతిన్న పిల్లను రోజుకు పదహారు గంటలు కూర్చోబెడితే ప్రయోజనం లేదు. రక్తహీనత ఉన్న పిల్లవాడికి వ్యక్తిత్వ వికాస ఉపన్యాసం పనిచేయదు.

తప్పుల నోటు

200 పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. నీట్ పాత పేపరు ఒకటి తీసుకుని, గడియారం పెట్టుకుని రాయండి. తప్పయిన ప్రతి ప్రశ్ననూ నోటులో ఎక్కించి, పక్కన ఒక అక్షరం వేయండి. "తె" అంటే తెలియదు. "భా" అంటే ప్రశ్న భాష అర్థం కాలేదు. "లె" అంటే లెక్కలో పొరపాటు. "తొ" అంటే తొందర. ఒక పేజీ ఇలా ఉంటుంది:

"బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. ఎంత ఎత్తుకు వెళ్తుంది?" నేను పెట్టింది 40. సరైనది 20. వేగం వర్గం 400, దాన్ని 2 రెట్ల జీతో, అంటే 20తో భాగించాలి. నేను 2 మరిచి 10తో భాగించాను. లె.

"4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ 500 మిల్లీలీటర్ల ద్రావణంలో ఉంది. మొలారిటీ ఎంత?" నేను పెట్టింది 0.1. సరైనది 0.2. మోల్స్ 0.1 అని సరిగ్గానే కట్టాను, అర లీటరుతో భాగించడం మరిచాను. లె.

"మైటోకాండ్రియా గురించి కింది వాటిలో సరికాని వాక్యం ఏది?" నేను సరైన వాక్యం పెట్టాను. ప్రశ్నలో "సరికాని" చూడలేదు. తొ.

ఈ మూడు తప్పులకూ పడిన శిక్ష 15 మార్కులు. ప్రశ్నకు రావాల్సిన 4 పోయాయి, పైగా 1 కోత పడింది. మూడింటిలోనూ పాఠం వచ్చు. ఈ నోటు లేకపోతే ఆ విద్యార్థి "ఫిజిక్స్ రాదు, కెమిస్ట్రీ రాదు" అనుకుని రెండు పుస్తకాలు మొదటి పేజీ నుంచి మళ్లీ చదివేవాడు. నోటు ఉంది కాబట్టి యూనిట్లు రాసి లెక్క చేయడం, ప్రశ్నలో "సరికాని", "తప్ప" అన్న మాటల కింద గీత గీయడం, ఈ రెండు అలవాట్లు చాలని తెలిసింది.

మూడు నాలుగు పేపర్లు ఇలా చేశాక అక్షరాలు లెక్కపెట్టండి. "తె" ఎక్కువ ఉంటే పాఠాలు చదవాలి. "లె" ఎక్కువ ఉంటే పాఠాలు పక్కనపెట్టి రోజూ గంటసేపు పదో తరగతి లెక్కలు చేయాలి. "భా" ఎక్కువ ఉంటే పదాల పట్టిక రాసుకోవాలి. "తొ" ఎక్కువ ఉంటే చదువు పెంచడం కంటే పరీక్ష రాసే తీరు మార్చాలి. నెలకోసారి మళ్లీ లెక్కపెట్టండి. మీ ఎదుగుదలను మార్కుల కంటే ముందు ఈ అక్షరాలే చూపిస్తాయి.

భాషకు మందు

నీట్ రాసేటప్పుడు ప్రశ్నపత్రం తెలుగులో కావాలని దరఖాస్తులోనే ఎంచుకోవచ్చు. అలా ఎంచుకున్నవాళ్లకు తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉన్న పత్రం వస్తుంది. ఇంగ్లిష్ ఎంచుకుంటే ఇంగ్లిష్ ఒక్కటే వస్తుంది. అనువాదంలో తేడా కనిపిస్తే ఇంగ్లిష్ ప్రశ్ననే ప్రమాణంగా తీసుకుంటారు. తెలుగులో చదివి అర్థం చేసుకునే అలవాటున్నవాళ్లకు రెండు భాషల పత్రం పెద్ద అండ. అయినా ఇంగ్లిష్ పదాలు నేర్చుకోక తప్పదు. రేపు ఎంబీబీఎస్‌లో పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి.

తెలుగు అకాడమీ పుస్తకం, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం పక్కపక్కన పెట్టుకుని చదవండి. మొదట తెలుగులో విషయం పట్టుకోండి, తర్వాత అదే పేరా ఇంగ్లిష్‌లో చదవండి. రోజుకు పదిహేను పదాలు తెలుగు లిపిలో ఉచ్చారణతో సహా రాసుకోండి. బయాలజీకి ఎన్‌సీఈఆర్‌టీని వాక్యం వాక్యం చదవాల్సిందే. బొమ్మల కింద ఉన్న చిన్న అక్షరాలను కూడా వదలకూడదు.

180 ప్రశ్నల లెక్క

2025 నుంచి నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45, బయాలజీ 90. మొత్తం 720 మార్కులు. అంటే సగం మార్కులు, 360, బయాలజీవే. వెనకబడ్డ విద్యార్థి మొదట గట్టిపరుచుకోవాల్సింది అదే. బయాలజీ ప్రశ్నలను 50 నిమిషాల్లో ముగించడం సాధన చేస్తే ఫిజిక్స్‌కు గంట, కెమిస్ట్రీకి 50 నిమిషాలు, బబ్లింగ్ సరిచూసుకోవడానికి 20 నిమిషాలు మిగులుతాయి.

మైనస్ మార్కుకు భయపడి తెలిసిన ప్రశ్నలు కూడా వదిలేసే పిల్లలున్నారు. నాలుగు ఆప్షన్లలో రెండు కచ్చితంగా తప్పని కొట్టేయగలిగితే జవాబు పెట్టండి. అలాంటి ప్రశ్నలు పది పెడితే సగటున ఐదు సరై 20 వస్తాయి, ఐదు తప్పై 5 పోతాయి, 15 మిగులుతాయి. ఒక్క ఆప్షన్ కూడా కొట్టేయలేని ప్రశ్న దగ్గర మాత్రం నిమిషాలు పోగొట్టుకోకుండా ముందుకు సాగండి.

జనవరి నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా పూర్తి పేపరు రాయండి. అసలు పరీక్ష జరిగేది మే ఎండలో, సరిగ్గా ఆ సమయానికే. 1.30కే గేటు మూసేస్తారు. చర్ల, దుమ్ముగూడెం వైపు నుంచి వెళ్లేవాళ్లు ముందురోజే సెంటరున్న ఊరికి చేరిపోవాలి. బస్సు మీద భారం వేసి ఏడాది చదువును పణంగా పెట్టకండి.

అడవి అంచున ఏడాది ప్రణాళిక

హైదరాబాద్‌లో తయారైన టైంటేబుల్ మనకు సరిపడదు. మన కాలాలను బట్టి గీసుకోవాలి. జూన్‌లో పదో తరగతి లెక్కల పునాది, మోల్ లెక్కలు, వెక్టర్లు. జులై రాకముందే పుస్తకాలు, పాత పేపర్ల ప్రింట్లు ఇంటికి తెచ్చిపెట్టుకోవాలి. సిగ్నల్ లేని రోజుల్లో ఫోన్‌లోని వీడియో తెరుచుకోదు, కాగితం తెరుచుకుంటుంది. వరదల రెండు నెలలూ బయాలజీ చదవడానికి పెట్టుకోండి. మాస్టారు ఎదురుగా లేకపోయినా ఎక్కువగా సాగేది అదే. సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా దారులు బాగుంటాయి కాబట్టి ఫిజిక్స్, కెమిస్ట్రీ సందేహాలన్నీ లెక్చరర్ల దగ్గర తీర్చుకోవాలి.

జనవరి నుంచి ఇంట్లో పని ఒత్తిడి మొదలవుతుంది. "నేను పని చేయను" అని తెగేసి చెప్పడం ఆ ఇళ్లలో కుదరదు. తల్లిదండ్రులు కష్టపడుతుంటే చూస్తూ కూర్చోలేరు కూడా. ముందే ఒప్పందం చేసుకోండి. దసరా సమయంలో, పని లేని రోజున, నింపాదిగా మాట్లాడండి.

"నాయినా, ఈసారి మిర్చి ఏరడానికి నేను పొద్దున పూట వస్తా. మధ్యాహ్నం నుంచి వదిలెయ్యి. తునికాకు అప్పుడు మాత్రం నా పరీక్ష."

"అందరూ పోతుంటే నువ్వొక్కదానివి ఇంట్లుంటే ఎట్ల బిడ్డా?"

"పరీక్ష మే మొదటి ఆదివారం ఉంటది. అది అయిన తెల్లారి నుంచి నేనే ముందు బయల్దేరుతా."

తేదీ చెప్పి అడిగితే ఇంట్లో వాళ్లకు అర్థమవుతుంది. "చదువుకోవాలి" అని గాలిలో చెబితే అర్థం కాదు.

లాంగ్ టర్మ్ తీసుకోవాలా?

ఇంటర్ అయిపోయి, మొదటి నీట్‌లో సీటు రాలేదు. ఇంకో ఏడాది పెట్టాలా? ఈ ప్రశ్నకు ఆశతో కాకుండా తప్పుల నోటుతో జవాబు చెప్పుకోండి. నోటులో "లె", "తొ", "భా" ఎక్కువగా ఉంటే పాఠం మీ దగ్గరుంది, దాన్ని మార్కులుగా మార్చడమే మిగిలింది. ఏడాది పెట్టడానికి అది గట్టి ఆధారం. "తె"లే ఎక్కువ ఉన్నా దిగులు పడకండి. కానీ అవి ఎందుకు మిగిలాయో, ఈసారి ఏది మారబోతోందో రాయగలగాలి. హాస్టల్ మారిందా, మాస్టారు దొరికారా, ఆరోగ్యం కుదుటపడిందా? ఏదీ మారకపోతే ఏడాది కూడా మారదు.

అర్హతకూ సీటుకూ తేడా మరవొద్దు. 2025లో జనరల్ విద్యార్థికి 144, రిజర్వేషన్ వర్గాలకు 113 మార్కులు వస్తే అర్హత వచ్చినట్టే. అంతకుముందు ఏడాది అవి 162, 127. పేపరు కష్టాన్ని బట్టి మార్కులు ఏటా ఇలా మారతాయి. సీటు ఇచ్చేది ర్యాంకు కాబట్టి, మీ వర్గంలో గత ఏడాది చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ జాబితాల్లో చూసి, దాన్ని గురిగా పెట్టుకోండి.

కోచింగ్ కోసం పొలం తాకట్టు పెట్టకండి, మూడు రూపాయల వడ్డీకి అప్పు తేకండి. గౌలిదొడ్డి గురుకులం లాంటి ప్రతిభా కేంద్రాల్లో ప్రభుత్వమే ఉచితంగా నీట్ శిక్షణ ఇస్తోంది. గిరిజన గురుకులాల్లో ఈ ఏడాది ఎక్కడ శిక్షణ ఉందో భద్రాచలం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులో ఫలితాలు రాకముందే అడిగి తెలుసుకోండి. "విదేశాల్లో ఎంబీబీఎస్, మార్కులతో పనిలేదు" అని ఇంటికొచ్చే ఏజెంటును నమ్మకండి. విదేశీ చదువుకూ నీట్ అర్హత కావాలి, కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, తిరిగొచ్చాక ఇక్కడ మళ్లీ పరీక్ష పాసవ్వాలి.

సరిహద్దు, సర్టిఫికెట్లు

ర్యాంకు వచ్చి కూడా కాగితం దగ్గర సీటు పోగొట్టుకునే ప్రమాదం మన ప్రాంతంలో మరింత ఎక్కువ. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రలోకి వెళ్లింది. బడి ఒక రాష్ట్రంలో, ఇల్లు ఒక రాష్ట్రంలో ఉన్న పిల్లలు ఎందరో. తెలంగాణలో స్థానిక కోటాకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ ఈ రాష్ట్రంలోనే చదివి ఉండాలని 2024లో నిబంధన కఠినం చేశారు. సుప్రీంకోర్టు 2025లో దాన్ని సమర్థించింది. మంచి కాలేజీ అని ఇంటర్‌కు విజయవాడ పంపేముందు ఈ సంగతి ఆలోచించండి. ఇప్పటికే చదివేసి ఉంటే మీరు ఏ రాష్ట్రానికి స్థానికులో కౌన్సెలింగ్ ముందే తేల్చుకోండి.

తొమ్మిది నుంచి స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు డిసెంబర్‌లోనే చేతిలో ఉండాలి. ఆధార్‌లో, టెన్త్ మెమోలో పేరు ఒకేలా ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూడండి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఇక్కడి అడవి గూడేల్లో స్థిరపడ్డ కుటుంబాల పిల్లలకు కుల పత్రం దగ్గర చిక్కులు వస్తుంటాయి. అది కౌన్సెలింగ్ వారంలో తేలే పని కాదు. ఫస్టియర్‌లో ఉండగానే తహసీల్దార్ ఆఫీసులో, ఐటీడీఏలో దరఖాస్తు పెట్టి వెంటపడాలి.

ఇంత ఓపిక ఎందుకు పట్టాలంటే, సీట్లు ఇప్పుడు మన గుమ్మం ముందున్నాయి. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో 2022 దాకా ప్రభుత్వ మెడికల్ కాలేజీయే లేదు. 2022లో కొత్తగూడెంలో 150 సీట్లతో, 2023లో ఖమ్మంలో 100 సీట్లతో ప్రభుత్వ కాలేజీలు మొదలయ్యాయి. తెలంగాణలో ఎస్టీ రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. కన్వీనర్ కోటాలో ట్యూషన్ ఫీజు ప్రభుత్వ కాలేజీలో ఏడాదికి 10 వేలు, ప్రైవేటు కాలేజీలో 60 వేల చొప్పున ఉంటూ వచ్చింది. అర్హులైన పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఉంది. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ర్యాంకుకు భయపడకుండా ఇష్టమైన కాలేజీలను పైన పెట్టండి. చేరనని తెలిసిన కాలేజీని జాబితాలోనే పెట్టకండి.

రెండో దారి కూడా దారే

నీట్‌తో పాటు ఎప్‌సెట్ (ఒకప్పటి ఎంసెట్) రాయండి. వ్యవసాయ డిగ్రీ, పశువైద్యం, ఫార్మసీ, బీఎస్సీ నర్సింగ్ అటు నుంచి వస్తాయి. మన జిల్లాలోనే అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉంది. నీట్ ర్యాంకుతోనే ఆయుర్వేదం, హోమియో సీట్లు కూడా వస్తాయి. వీటిలో చేరడం ఓటమి అని ఎవరన్నా అంటే పట్టించుకోకండి. అడవి పల్లెలకు నర్సు కావాలి, ఫార్మసిస్టు కావాలి, పశువుల డాక్టరూ కావాలి. ఎన్ని ప్రయత్నాల తర్వాత రెండో దారి పట్టాలో ప్రయత్నం మొదలుపెట్టకముందే రాసి పెట్టుకోండి. ఓడిన రోజున తీసుకునే నిర్ణయంలో బాధ ఎక్కువ, ఆలోచన తక్కువ.

సీటు వచ్చినవాళ్లకు ఒక మాట. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిని నాలుగు ప్రయత్నాల్లోపు, మొత్తం కోర్సును తొమ్మిదేళ్లలోపు ముగించాలన్నది ప్రస్తుత నిబంధన. ఇంటర్ ఫస్టియర్‌లో దెబ్బతీసిన భాష, కొత్త చోటు, ఒంటరితనం అక్కడ మళ్లీ ఎదురవుతాయి. ఈసారి మీకు వాటిని గుర్తుపట్టడం తెలుసు. మొదటి వారంలోనే సీనియర్లను, లెక్చరర్లను సాయం అడగండి. తప్పుల నోటు అక్కడా కొనసాగించండి.

ఈ వారం చేయాల్సినవి

1. మీ ఫస్టియర్ మెమో తీసి, అర్హతకు ఇంకా ఎన్ని మార్కులు కావాలో లెక్కకట్టండి.

2. భాష, ఇంటి పనులు, ఆరోగ్యం, పద్ధతి. ఈ నాలుగింటిలో మీ కారణం ఏదో ఒక్కోదానికి రెండు వాక్యాలు రాయండి.

3. పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి.

4. ఒక పాత నీట్ పేపరు మూడు గంటలు కూర్చుని రాసి, తప్పులన్నిటినీ అక్షరాలతో నోటులో ఎక్కించండి. ఎన్ని మార్కులు వచ్చాయన్నది ఈ వారం ముఖ్యం కాదు.

5. సర్టిఫికెట్లలో ఏవి ఉన్నాయో, ఏవి లేవో చూసి, లేనివాటికి మీసేవలో దరఖాస్తు పెట్టండి.

6. ఈ కాగితాలన్నీ తీసుకుని, మీ సబ్జెక్టు లెక్చరర్లలో ఒకరి దగ్గరికి వెళ్లి "సార్, నేను ఇక్కడ తప్పుతున్నాను, ఇది ఎలా సరిదిద్దుకోవాలి?" అని అడగండి. "నాకు ఏమీ రావట్లేదు" అనే పిల్లవాడికి ఏ మాస్టారూ గట్టిగా సాయం చేయలేడు. తప్పు ఎక్కడుందో చూపించిన పిల్లవాడికి పది నిమిషాల్లో దారి చూపిస్తాడు. ఆ పది నిమిషాలతోనే మీ రెండో ప్రయత్నం మొదలైనట్టు.